ఎగ్జిమా ఉన్నవారు ఇంటిని, ఇంటి గాలిని సరిచేసుకోవడం ఎలా?

తిరుపతిలో కొత్త ఇంట్లోకి మారిన నెలలోపే పిల్లవాడి మోచేతి మడతల్లో దురద రెట్టింపైందని చెప్పే తల్లిదండ్రులు ముందుగా అనుమానించేది వంకాయను, తరువాత కోడిగుడ్డును, ఆపైన దిష్టిని. గృహప్రవేశానికి పది రోజుల ముందు బిగించిన కబోర్డులను, తలుపులకు పూసిన వార్నిష్‌ను, పూజగదిలో పొద్దున్నా సాయంత్రం వెలిగే అగరబత్తీలను అనుమానించేవారు అరుదు. కొందరు చిన్నపిల్లల్లో తిండి వల్ల ఎగ్జిమా పెరిగే మాట నిజమే. కానీ రాత్రీ పగలూ పీల్చే గాలిని, ఎనిమిది గంటలు ఒంటికి ఆనుకొని ఉండే పరుపును విడిచిపెట్టి వంకాయ మీద పడడం న్యాయం కాదు. ఇంట్లో మీ చర్మానికి పడనిది ఏదో కనిపెట్టి, దాన్ని తక్కువ ఖర్చుతో ఎలా తొలగించుకోవాలో ఈ కింద వివరిస్తున్నాను.

మొదట జబ్బు పేరు తేల్చుకోండి

మన వైపు ఒంటి మీద నవ పుట్టించే ప్రతిదానికీ తామర, గజ్జి అన్న రెండు పేర్లే వాడుకలో ఉన్నాయి. పత్రికల్లో ఎగ్జిమాను తామర అని రాస్తుంటారు. మందుల షాపులో తామర అని చెబితే మాత్రం ఫంగస్ వల్ల గుండ్రంగా పాకే మచ్చలకు వాడే ట్యూబు చేతిలో పెడతారు. గజ్జి ఒక చిన్న పురుగు వల్ల వచ్చి ఇంటిల్లిపాదికీ అంటుకునే జబ్బు. చర్మం ఎండి, ఎర్రబడి, దురద పెట్టే ఎగ్జిమా ఎవరికీ అంటదు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులను చీటీ లేకుండా కొని పూస్తే, ఫంగస్ అయితే అది అణిగినట్టు కనిపించి పక్కకు పాకుతుంది, ఎగ్జిమా అయితే ముఖం వంటి సున్నితమైన చోట చర్మం పలచబడుతుంది. అందువల్ల ఇంటి మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు చర్మ వైద్యుణ్ణి కలవండి. తిరుపతి వారికి రుయా ఆసుపత్రి, చిత్తూరు వారికి జిల్లా ప్రభుత్వాసుపత్రి అందుబాటులోనే ఉన్నాయి.

ఎగ్జిమా ఉన్న చర్మాన్ని, ఇటుకల మధ్య సున్నం రాలిపోయిన పాత గోడలా ఊహించుకోవచ్చు. చర్మపు కణాలు ఇటుకలైతే వాటిని పట్టి ఉంచే కొవ్వు పదార్థాలు సున్నం. ఆ కట్టును గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తయారీలో జన్యులోపం ఉన్నవారికి ఎగ్జిమా ఎక్కువగా వస్తుందని 2006లో తేలింది. గోడకు సందులు పడినప్పుడు లోపలి నీరు ఆవిరైపోయి చర్మం ఎండిపోతుంది. బయటి దుమ్ము, పొగ, రసాయనాలు ఆ సందుల్లోంచి లోపలికి దిగుతాయి. ఒక్క ఇల్లే ఈ జబ్బును పుట్టించదు, కానీ పుట్టిన జబ్బును ఆరనివ్వకుండా రగిలిస్తూ ఉండగలదు. ఈ కారణం చేతనే స్నానమైన రెండు మూడు నిమిషాల్లో, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే వైద్యుడు చెప్పిన మాయిశ్చరైజర్ పూయడం అన్నింటికన్నా ముఖ్యమైన పని. అది మానేసి ఇంట్లో ఎన్ని మార్పులు చేసినా పగిలిన కుండలో నీళ్ళు పోసినట్టే.

మూడు వారాలు రాసుకోండి

ఒక చిన్న నోటుబుక్కు తీసుకొని ప్రతి రాత్రీ నాలుగు విషయాలు రాయండి: దురద ఏ సమయంలో పెరిగింది, శరీరంలో ఎక్కడ, ఆ రోజు ఇంట్లో ఏం వెలిగించారు లేదా దేనితో శుభ్రం చేశారు, ఎక్కడ పడుకున్నారు. ఊరికి వెళ్ళిన రోజులను తప్పక గుర్తించండి. మదనపల్లెలోనో పలమనేరులోనో బంధువుల ఇంట్లో నాలుగు రోజులు ఉండగానే చర్మం నెమ్మదించి, తిరిగి వచ్చిన రెండో రోజే మళ్ళీ లేచిందంటే, చల్లని వాతావరణం కొంత కారణం కావచ్చు, మీ పడకగది కూడా కావచ్చు. ఒకే ఒక్క ప్రయాణంతో తీర్పు చెప్పకండి.

దద్దురు ఎక్కడుందన్నది గొప్ప సాక్ష్యం. గాలిలో తేలే పదార్థం వల్ల వచ్చే చర్మశోథ కనురెప్పలు, మెడ, చెవుల వెనుక, గడ్డం కింద, మోచేతి మడతల్లో కనిపిస్తుంది. ఎండ వల్ల వచ్చేది మాత్రం చెవుల వెనుక, గడ్డం కింద ఉండే నీడ పట్టులను సాధారణంగా వదిలేస్తుంది. వీపు మీదా తొడల వెనుకా పెరుగుతుంటే పరుపు, దుప్పటి, రెక్సిన్ కుర్చీ వైపు చూడాలి. చేతులకే పరిమితమైతే గిన్నెలు తోమే సబ్బు, ఫినాయిల్, బట్టల సబ్బు మొదటి ముద్దాయిలు.

ఒక నియమం గట్టిగా పాటించండి: ఒకసారి ఒక్క మార్పే చేసి, రెండు మూడు వారాలు చూసి, ఆ తరువాతే మరో మార్పు. పరుపు, సబ్బు, అగరబత్తి, మందు అన్నీ ఒకే ఆదివారం మారిస్తే, తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు.

పడకగదితో మొదలుపెట్టండి

పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించనంత చిన్న దుమ్ము పురుగులు ఉంటాయి. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు వాటి ఆహారం, గాలిలోని తేమ వాటికి నీరు. తేమ చాలాకాలం 50 శాతం కన్నా తక్కువగా ఉంటే అవి ఎండిపోతాయి. కానీ ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఇళ్ళలో అంత పొడి గాలిని ఆశించలేం. పురుగు కన్నా దాని మలం ఎక్కువ చేటు చేస్తుంది. అందులోని ఒక ఎంజైము చర్మపు కణాల మధ్య కట్టును నేరుగా కోయగలదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పురుగు చొరని ఖరీదైన పరుపు కవర్లు వేస్తే ఎగ్జిమా తగ్గుతుందనడానికి బలమైన ఆధారాలు దొరకలేదు. కొందరికి ఉపయోగపడ్డాయి, చాలామందికి తేడా కనిపించలేదు. అందువల్ల డబ్బు పెట్టక ముందు మన దగ్గర ఉచితంగా దొరికే ఎండను వాడుకోండి. దూది పరుపు, బూరుగు దూది దిండ్లు, బొంతలను పది రోజులకు ఒకసారి మిద్దె మీద మంచి ఎండలో, రెండు వైపులా తిరగేస్తూ సాయంత్రం దాకా ఆరబెట్టండి. ఎండ పురుగులను చంపుతుంది కానీ వాటి మలాన్ని పోగొట్టదు కాబట్టి ఆరిన పరుపును కర్రతో బాగా దులపాలి. ఆ పని ఎగ్జిమా ఉన్న మనిషి చేయకూడదు, ఆ సమయంలో పక్కన ఉండకూడదు. దుప్పట్లను, దిండు గలీబులను వారానికి ఒకసారి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకండి. మెషిన్‌లో ఆ సదుపాయం లేకపోతే కాగిన నీళ్ళలో నానబెట్టి ఉతికినా చాలు. సబ్బు ఆనవాలు లేకుండా రెండుసార్లు జాడించడం మరువకండి. బట్టలు మెత్తబడడానికి పోసే సువాసన ద్రవాలు ఈ ఇంట్లో అవసరం లేదు. పిల్లల గుడ్డ బొమ్మలను సంచిలో కట్టి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఆపై ఉతికితే సరిపోతుంది.

ఒంటికి తగిలే బట్ట విషయంలో మనం అదృష్టవంతులం. వెంకటగిరి నూలు చీర పది ఉతుకులు పడి మెత్తబడ్డాక దాన్ని మించిన దుప్పటి బజారులో దొరకదు. ఉన్ని రగ్గు గరుకుదనం, పాలియెస్టర్ దుప్పటి కింద పట్టే చెమట, రెండూ దురదను లేపుతాయి. అన్నట్టు, బీరువాలో పెట్టే కలరా ఉండల వాసన పట్టిన బట్టలను ఉతకకుండా ఎవరికీ తొడగకండి. ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు ఆ వాసన చర్మాన్ని దాటి రక్తం దాకా ప్రమాదం తెస్తుంది.

పొగ తగ్గించండి

ఇంటి గాలిని పాడుచేసేవాటిలో ఖర్చు లేకుండా, ఈ రాత్రి నుంచే ఆపగలిగింది పొగ ఒక్కటే. 2003లో చైనా, మలేషియా దోమల చుట్టలను పరీక్షించిన పరిశోధకులు, ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసికి సమానమని లెక్కగట్టారు. దానితో పాటు వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు 51 సిగరెట్లకు సమానమయ్యే దాకా ఉందట. తలుపులు మూసిన చిన్న గదిలో, మంచం కింద చుట్ట వెలిగించి పిల్లవాణ్ణి పడుకోబెట్టే అలవాటును ఈ లెక్క చూశాక ఎవరూ సమర్థించలేరు. దోమతెర కట్టండి, కిటికీలకు జాలీ కొట్టించండి, నీళ్ళు నిలిచే తొట్లు వారానికి ఒకసారి బోర్లించండి. ప్లగ్‌కు పెట్టే ద్రవంలో పొగ లేకపోయినా కీటకనాశిని ఉంటుంది కాబట్టి దాన్ని పడుకునే ముందు ఒక గంట వెలిగించి, ఆర్పి, కిటికీ తెరిచాక గదిలోకి వెళ్ళండి.

అగరబత్తి గురించి చెప్పడానికి తిరుపతిలో కొంత ధైర్యం కావాలి. పూజ మానమని ఎవరూ అనడం లేదు. దీపం, పూలు, తులసి ఉంటే పూజకు లోటు ఉండదు. ఆలయాల్లో వాడిన పూలతో చేసిన అగరబత్తీలను తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో తెచ్చింది. పూలను వృథా చేయకపోవడం మెచ్చుకోదగినదే, కానీ పూలతో చేసినదైనా కాలితే వచ్చేది పొగే, అందులోని సన్నని నుసి చర్మానికీ ఊపిరితిత్తులకూ తగులుతుంది. అగరబత్తిని వాకిట్లో తులసికోట దగ్గరో బాల్కనీలోనో గుచ్చండి. పూజగది అలమర పడకగదిలోనే ఉన్న ఇళ్ళలో దాన్ని హాల్లోకి మార్చడం మేలు. తలంటు పోసిన పసిపిల్లలను సాంబ్రాణి పొగ మీద పట్టుకునే ఆనవాయితీ మాత్రం పూర్తిగా మానాల్సిందే. తల తుడవడానికి మెత్తని తువ్వాలు చాలు. వంటింట్లో తాలింపు వేసేటప్పుడు చిమ్నీ లేకపోయినా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచండి.

కొత్త చెక్క, కొత్త రంగు

ఇంటి సామగ్రిలో అన్నింటికన్నా తక్కువగా పట్టించుకునేది, నా ఉద్దేశంలో ఎక్కువగా పట్టించుకోవలసినది ఇదే. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. పలకలను అతికించే జిగురులో చాలావరకు యూరియా-ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కాలేజీ లాబ్‌లో కప్పలను నిల్వ ఉంచిన ఫార్మాలిన్ ఘాటు గుర్తుందా? అది నీటిలో కలిపిన ఫార్మాల్డిహైడే. కబోర్డు తలుపు తెరవగానే కళ్ళు చిమచిమలాడితే అదే వాయువును మీరు పీలుస్తున్నారు. ఎగ్జిమా ఉన్నవారిని కొద్దిసేపు ఈ వాయువున్న గదిలో ఉంచి చూసిన ప్రయోగాల్లో చర్మం నుంచి నీరు ఆవిరయ్యే వేగం పెరిగింది. ఇంటి గాలిలో ఇది ఏ అరగంట సగటున చూసినా ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. ఆ హద్దును కంటికీ ముక్కుకూ పుట్టే మంటను బట్టి పెట్టారు, చర్మాన్ని బట్టి కాదు.

కొనేటప్పుడు ఏం అడగాలో తెలిసి ఉంటే సగం సమస్య షాపులోనే ఆగిపోతుంది. తేమను ఓ మోస్తరుగా తట్టుకునే ఎం.ఆర్. గ్రేడు ప్లైవుడ్‌లో యూరియా జిగురు ఉంటుంది. మరిగే నీటిని తట్టుకునే బి.డబ్ల్యు.పి. గ్రేడులో, అంటే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌లో, ఫినాల్ జిగురు ఉంటుంది. ఫినాల్ జిగురు గట్టిగా కట్టుబడి ఉండి వాయువును చాలా తక్కువగా వదులుతుంది. ధర ఎక్కువే కాబట్టి ఇల్లంతా వేయించలేకపోతే పడకగది వరకైనా వేయించండి. ఏ పలక అయినా ఫార్మాల్డిహైడ్‌ను తక్కువగా వదులుతుందని తెలిపే ఇ-0 లేదా ఇ-1 గ్రేడు ఉందో లేదో బిల్లు మీద రాయించుకోండి. వడ్రంగి కోసిన అంచులు, వేసిన రంధ్రాలు, వెనుక వైపు ఖాళీగా వదలకుండా అంచు పట్టీలతో, మైకా షీటుతో మూయించండి. వాయువు ఎక్కువగా తప్పించుకునేది ఆ తెరిచిన అంచుల్లోంచే. వీటన్నింటికన్నా తేలిక మార్గం, పడకగదిలో కబోర్డుకు బదులు పాత ఇనుప బీరువాను ఉంచుకోవడం. దానికి జిగురూ లేదు, వాసనా లేదు, పెళ్ళిలో వచ్చింది కాబట్టి ఖర్చూ లేదు.

రంగుల విషయంలో ఎనామిల్, వార్నిష్, థిన్నర్ ఘాటు అందరికీ తెలుసు. వాసన తక్కువని కొనే నీటి ఎమల్షన్లలో మరో చిక్కు ఉంది. డబ్బాలో రంగు చెడిపోకుండా ఐసోథయజోలినోన్లు అనే రసాయనాలను కలుపుతారు. ఇవి వేసిన గోడ నుంచి వారాల తరబడి గాలిలోకి వస్తూ, వాటికి అలర్జీ ఉన్నవారి ముఖాన్నీ కనురెప్పలనూ వాచేలా చేస్తాయి. కాబట్టి వాసన లేదన్నంత మాత్రాన గదిలోకి వెళ్ళి పడుకోవచ్చని అనుకోకండి. పాత పద్ధతి సున్నంలో ఈ చిక్కు లేదు కానీ అది చేతికి అంటి రాలితే క్షారం వల్ల చర్మం ఎండిపోతుంది. గోడకు మంచం ఆనించకుండా ఉంటే సున్నం గదికి నేను అభ్యంతరం చెప్పను. పుట్టీని ఉప్పుకాగితంతో రుద్దే రోజుల్లో మాత్రం రోగి ఆ ఇంట్లో ఉండనే కూడదు.

ఇక సమయం. వేడి పెరిగేకొద్దీ చెక్క నుంచీ రంగు నుంచీ వాయువులు వేగంగా బయటపడతాయి. తాళం వేసిన కొత్త ఇల్లు మే నెలలో ఉండలేనంత ఘాటుగా ఉండడానికి కారణం అదే, దాన్ని మనకు అనుకూలంగా మలచుకునే ఉపాయమూ అదే. చెక్కపని, రంగులు మార్చి చివరికల్లా ముగించండి. ఏప్రిల్, మే ఎండల్లో కబోర్డు తలుపులు, సొరుగులు, కిటికీలు బార్లా తెరిచి ఖాళీ ఇంటిని ఆరనివ్వండి, శ్రావణంలో చేరండి. ముహూర్తం అంతకన్నా ముందే ఉంటే ఆ రోజు పాలు పొంగించి, వ్రతం చేసుకొని, కాపురం తరువాత మార్చవచ్చు. ఆ రాత్రి అక్కడే నిద్ర చేయాలని పెద్దలు పట్టుబడితే రోగికి మిద్దె మీద చాప పరచండి.

ఇంకొక ఆచారం గురించి కూడా ఆలోచించాలి. కూతురు పురిటికి వస్తోందని గదికి కొత్త రంగు, కొత్త పరుపు, కొత్త బీరువా సిద్ధం చేయడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. ప్రసవానికి ముందూ, తొలి ఏడాదిలోనూ ఇంట్లో ఇలాంటి మార్పులు చేసిన కుటుంబాల పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువగా కనిపించిందని జర్మనీ పరిశోధకులు గుర్తించారు. ఆ ప్రేమను అయిదారు నెలలు ముందుగా చూపించండి, లేదా ఆ గదిని ఉన్నది ఉన్నట్టుగా శుభ్రం చేసి ఇవ్వండి.

నేలకు గ్రానైట్, నాపరాయి, టైల్స్ ఏవైనా మంచివే. తివాచీ వద్దు. నేల మీద పరిచే ప్లాస్టిక్ వినైల్ షీట్లను కూడా మానండి: వాటిని మెత్తబరిచే థాలేట్లలో ఒకటి ఇంటి దుమ్ములో ఎక్కువగా ఉన్నచోట పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువగా ఉందని 2004లో స్వీడన్‌లో జరిగిన అధ్యయనం చూపింది.

తేమ, వేడి, దుమ్ము

2021 నవంబరు వరదల్లో నీళ్ళు చేరిన ఇళ్ళ గోడలు ఎంత ఆలస్యంగా ఆరాయో తిరుపతి వారికి చెప్పనక్కరలేదు. చెమ్మ పట్టిన గోడ మీద నల్లగా, ఆకుపచ్చగా లేచే బూజును తుడిచి రంగు వేయడం వృథా, ముందు నీరు ఎక్కడి నుంచి దిగుతోందో కనిపెట్టి దాన్ని ఆపాలి. ఆ గోడకు బీరువాను ఆనించకండి, గదిలో తడి బట్టలు ఆరవేయకండి. వేసవిలో కథ తారుమారవుతుంది. అప్పుడు చెమటే శత్రువు కాబట్టి కూలర్ అయినా ఏసీ అయినా వాడుకోవచ్చు. కూలర్ గడ్డి పలకలను ప్రతి వేసవికీ మార్చి, తొట్టిలో నీటిని రోజూ పారబోయాలి, లేకపోతే అది బూజును ఇల్లంతా చల్లే యంత్రమవుతుంది. ఏసీని 26 డిగ్రీల దగ్గర ఉంచి, జల్లెడను పదిహేను రోజులకు ఒకసారి కడగండి. అంతకన్నా చల్లబరిస్తే గాలి పొడిబారి చర్మం మళ్ళీ ఎండుతుంది.

పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ మంచం మీదే వాలుతుంది. తడిగుడ్డతో తుడవండి. ఫినాయిల్ బదులు మామూలు నీళ్ళు, మరకలున్నచోట కొద్దిగా సబ్బు నీళ్ళు చాలు. బాత్రూముకు వాడే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎప్పుడూ కలపకండి, ఆ వాయువు చర్మం సంగతి అటుంచి ప్రాణానికే ముప్పు. ముగ్గు రాతిపిండితో కాక బియ్యప్పిండితో వేయండి, చీమలకు కూడా అన్నం పెట్టినట్టవుతుంది.

ఇంటి పక్క ఖాళీ స్థలాన్ని కూడా ఒకసారి చూడండి. వానల తరువాత తెల్లని చిన్న పూలతో నడుము ఎత్తు పెరిగే వయ్యారిభామ మొక్క ఎండిపోయి గాలిలో కలిసే పొడి కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో ఎగ్జిమా లాంటి దద్దురు తెస్తుంది. కిటికీ మూసినా జాలీలోంచి వస్తుంది. పూత రాకముందే, వాన పడిన మరుసటి రోజు, జబ్బు లేని వారెవరైనా చేతులకు తొడుగులు వేసుకొని వేళ్ళతో సహా పీకాలి. తగలబెట్టకండి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి

పసుపురంగు రసి కారి పెచ్చులు కట్టినా, ఎర్రదనం వేగంగా పాకినా, జ్వరంతో పాటు ఒకేలాంటి చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి నొప్పి పెట్టినా, పరుపు మార్చి చూద్దామని కూర్చోకండి. చివరిది హెర్పిస్ వైరస్ సోకిన లక్షణం కావచ్చు, దానికి అదే రోజు మందు పడాలి.

ఇన్ని మార్పుల తరువాత కూడా కనురెప్పల మీదో చేతుల మీదో దద్దురు తగ్గకపోతే ప్యాచ్ టెస్టు చేయించమని వైద్యుణ్ణి అడగండి. వీపు మీద అనుమానిత పదార్థాల పట్టీలు అతికించి 48 గంటలకు ఒకసారి, 96 గంటలకు మరోసారి చూస్తారు. వెళ్ళేటప్పుడు మీ నోటుబుక్కుతో పాటు రంగు డబ్బా మీది చీటీ, జిగురు, సబ్బు, అగరబత్తి పెట్టెల ఫోటోలు తీసుకెళ్ళండి. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పడితే పట్టీలు ఊడిపోతాయి. కాబట్టి తిరుపతిలో ఈ పరీక్షకు ఏప్రిల్, మే నెలలు పనికిరావు, డిసెంబరు, జనవరిలో తేదీ అడిగి పెట్టుకోండి.